ఆ అరగంట

“నీకో ఆశ్చర్యం ఉందిలే.”

ఆ ఒక్క ముక్క అనేసి సర్ ఆర్థర్ ఎడింగ్టన్ ముందుకు వెళ్లిపోయారు. చంద్ర అక్కడే నిలబడిపోయాడు.

1935 జనవరి 11. శుక్రవారం. లండన్‌లోని బర్లింగ్టన్ హౌస్. బయట నడి చలికాలం. లోపల టీ కప్పుల చప్పుడు, పలకరింపులు. రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ సమావేశం ఇంకాసేపట్లో మొదలవుతుంది. మీ పేపరు దేని గురించండీ అని ఎడింగ్టన్‌ని అడిగింది చంద్ర కాదు, పక్కనున్న మిత్రుడు. జవాబు మాత్రం చంద్ర వైపు తిరిగి చెప్పారు. అదీ ఇలా.

సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్‌కు అప్పుడు 24 ఏళ్లు. కేంబ్రిడ్జిలో ట్రినిటీ కాలేజీ ఫెలో. నాలుగున్నరేళ్లుగా బుర్రలో మోస్తున్న లెక్కను కాసేపట్లో ఈ పెద్దల ముందు విప్పాలి. అతను కూర్చున్న వెంటనే లేచేది ఎడింగ్టన్. ఆ సంగతి నిన్న సాయంత్రం దాకా అతనికి తెలియదు.

నిన్న, గురువారం. సొసైటీ ఆఫీసు నుంచి కార్యక్రమం వివరాలు వచ్చాయి. తన పేరుంది. దాని కిందే ఎడింగ్టన్ పేరు. విషయం ‘సాపేక్షతా డీజెనరసీ’. అంటే తన లెక్కకు పునాది రాయి ఏదో, సరిగ్గా అదే. చంద్రకు ఒళ్లు మండింది. మండదా మరి? కొన్ని నెలలుగా వారానికి రెండు మూడుసార్లు గదికొచ్చి, లెక్క ఎంతదాకా వచ్చిందని వాకబు చేసి, బల్ల మీది కాగితాలు చూసి, చేత్తో ఎంతకని గుణిస్తాడని బ్రన్స్‌విగా అనే లెక్కల మిషను కూడా ఇప్పించి, తానూ అదే విషయం మీద మాట్లాడబోతున్నానన్న మాట మాత్రం ఒక్కసారి కూడా పైకి రానివ్వని మనిషి ఆయన. ఆ రాత్రి ట్రినిటీ భోజనశాలలో ఇద్దరూ ఎదురుపడ్డారు. ఇప్పుడైనా చెబుతారనుకున్నాడు చంద్ర. ఎడింగ్టన్ చెప్పింది ఒకటే. అందరికీ ఇచ్చే పావుగంట నీకు చాలదు, సెక్రటరీ స్మార్ట్‌తో మాట్లాడి అరగంట ఇప్పించాను.

ఎందుకు ఇప్పించినట్టు?

లెక్క పుట్టింది సముద్రం మీద. 1930 జులై 31న బొంబాయి రేవులో చంద్ర ‘పిల్స్‌నా’ అనే ఓడ ఎక్కాడు. పందొమ్మిదేళ్ల కుర్రాడు. వానాకాలపు అరేబియా సముద్రం. ఓడ ఒకటే ఊగింది. కడుపులో తిప్పింది. మద్రాసులో తల్లి సీతాలక్ష్మి మంచం పట్టి ఉంది. మళ్లీ చూస్తానా అన్న బెంగ లోపల తొలిచేస్తోంది. వెళ్లి తీరాలని పట్టుబట్టింది ఆవిడే. ఇబ్సన్ నాటకాన్ని తమిళంలోకి తెచ్చిన తల్లి ఆవిడ. కొడుకు చదువు తన జబ్బు దగ్గర ఆగిపోవడానికి ఒప్పుకోలేదు. ఏడెన్ దాటాక సముద్రం సద్దుమణిగింది. డెక్ మీద కుర్చీ. ఎండ. ఒళ్లో కాగితాలు.

ఆ ఇంటికి లెక్కలు కొత్త కాదు. తాత ఆర్. చంద్రశేఖర అయ్యర్ మన విశాఖపట్నంలో ఏవీఎన్ కాలేజీ లెక్చరరు. లెక్కలు, ఫిజిక్సు చెప్పేవారు. ఆయన పేరే మనవడికి వచ్చింది. చిన్నాన్న సి.వి. రామన్ చదువుకుంటూ పెరిగిందీ ఆ ఊళ్లోనే. 1928లో జర్మన్ శాస్త్రవేత్త సొమర్‌ఫెల్డ్ మద్రాసు వస్తే, ప్రెసిడెన్సీ కాలేజీలో చదువుతున్న చంద్ర ఆయన దిగిన హోటలుకు నేరుగా వెళ్లిపోయాడు. మీ పుస్తకం చదివానండీ అన్నాడు. అది రాసిన తర్వాత ఫిజిక్సే మారిపోయిందని చెప్పి, ఇంకా అచ్చుకాని తన పేపరు ప్రూఫులు ఆయన కుర్రాడి చేతిలో పెట్టారు. ఇంకొకడైతే దిగాలుపడేవాడు. చంద్ర ఆ ప్రూఫులతో కుస్తీ పట్టి, మరుసటి ఏడాదికల్లా లండన్ రాయల్ సొసైటీ పత్రికలో సొంత పేపరు వేయించుకున్నాడు. అదే రోజుల్లో ఒక వ్యాసపోటీ గెలిచాడు. బహుమతిగా వచ్చిన పుస్తకం నక్షత్రాల లోపలి నిర్మాణం గురించి. దాన్ని రాసింది ఎడింగ్టన్.

ఆ పుస్తకం ఇప్పుడు ఓడలో అతని వెంటే ఉంది.

ప్రశ్న చిన్నది. నక్షత్రం చచ్చిపోతే ఏమవుతుంది? లోపలి ఇంధనం ఉన్నన్నాళ్లూ ఆ వేడి బయటికి తోస్తుంది. బరువు లోపలికి నొక్కుతుంది. రెండూ సరిసమానంగా ఉంటే నక్షత్రం నిలబడుతుంది. ఇంధనం అయిపోతే బరువుదే పైచేయి. నక్షత్రం కుంచించుకుపోతుంది. సిరియస్ నక్షత్రం పక్కన అలాంటి శవం ఒకటి కనబడుతూనే ఉంది. బరువు ఇంచుమించు సూర్యుడంత. సైజు ఇంచుమించు భూమంత. వీటినే శ్వేతకుబ్జాలు అంటారు. అంత ఇరుకులో ఎలక్ట్రాన్లు రద్దీ బస్సులో జనంలా మోచేతులు అడ్డుపెట్టి, ఇంక జరిగేది లేదని మొరాయిస్తాయి. డీజెనరసీ అనే ఆ మొరాయింపే బరువును ఆపుతుందని 1926లో కేంబ్రిడ్జి శాస్త్రవేత్త ఫౌలర్ చెప్పారు. ప్రతి నక్షత్రానికీ చివరికి ప్రశాంతమైన చావు రాసిపెట్టి ఉందని అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

డెక్ మీద కుర్రాడికి ఒక అనుమానం వచ్చింది. అంత ఒత్తిడిలో ఎలక్ట్రాన్లు కాంతి వేగానికి దగ్గరగా పరిగెత్తాలి కదా? అలాంటప్పుడు ఐన్‌స్టీన్ సాపేక్షత లెక్కలోకి రావాలి కదా? ఫౌలర్ దాన్ని లోపలికి తేలేదు. చంద్ర తెచ్చాడు. సమీకరణం మారిపోయింది. బరువు పెరిగేకొద్దీ మొరాయింపు దానితో సమానంగా పెరగడం లేదు. ఒకచోట చేతులెత్తేస్తోంది. ఆ చోటు సూర్యుడి బరువుకు 1.4 రెట్లు. మొదట్లో తేలిన అంకె ఇంకాస్త తక్కువే. నక్షత్రం లోపల ఏ పదార్థం ఎంత ఉంటుందో తెలిసొచ్చేకొద్దీ 1.4 దగ్గర నిలబడింది. ఆ హద్దు దాటిన నక్షత్రం శ్వేతకుబ్జంగా ఆగలేదు.

మరి ఏమైపోతుంది? ఆగస్టు 19న ఓడ వెనిస్ చేరింది. కాగితం మీద ఆ ప్రశ్నకు జవాబు లేదు.

బర్లింగ్టన్ హౌస్‌లో అధ్యక్షుడు స్ట్రాటన్ పేరు పిలిచారు. చంద్ర లేచాడు. ఓడ మీది లెక్క ఉజ్జాయింపు. దాన్ని నమ్మనివాళ్లు నమ్మలేదు. అందుకే ఈసారి ఉజ్జాయింపు లేకుండా పూర్తి సమీకరణాన్నే పట్టుకున్నాడు. పది రకాల శ్వేతకుబ్జాలు. ఒక్కో దానికి కేంద్రం నుంచి ఉపరితలం దాకా మెట్టు మెట్టుగా అంకెలు. బ్రన్స్‌విగా పిడి తిప్పడం, వచ్చింది రాసుకోవడం, మళ్లీ తిప్పడం. 1934 శరదృతువు మొత్తం ఆ గరగర చప్పుడులోనే గడిచింది. ఇప్పుడు ఎక్కడా సందు లేదు. బరువు హద్దుకు చేరేకొద్దీ నక్షత్రం సైజు సున్నా వైపు జారిపోతోంది. హద్దుకు మించిన నక్షత్రం గతి వేరే ఆలోచించుకోవాలి. అరగంటలో చెప్పి కూర్చున్నాడు. ఆక్స్‌ఫర్డ్ నుంచి వచ్చిన మిల్న్ రెండు ముక్కలు మాట్లాడారు.

తర్వాత ఎడింగ్టన్ లేచారు.

ఆయనకు 52 ఏళ్లు. 1919 గ్రహణంలో నక్షత్రాల వెలుగు వంగడాన్ని కొలిచి ఐన్‌స్టీన్‌ను లోకానికి పరిచయం చేసిన మనిషి. ఆ గదిలో ఆయన మాటకు ఎదురు మాట లేదు. ఈ మీటింగు నుంచి ప్రాణాలతో బయటపడతానో లేదో అంటూ మొదలుపెట్టారు. గదిలో నవ్వులు. అసలు సాపేక్షతా డీజెనరసీ అనేదే లేదన్నారు. చంద్ర లెక్కలో తప్పు పట్టుకున్నారా? లేదు. అంకెల్లో దోషం ఉందన్నారా? అదీ లేదు. ఆ లెక్కను చివరిదాకా తీసుకెళితే ఏమవుతుందో చెప్పారంతే. నక్షత్రం వెలుగు చిమ్ముతూ, కుంచించుకుంటూ, ఇంకా కుంచించుకుంటూ, బహుశా కొద్ది కిలోమీటర్ల దాకా వచ్చేస్తుంది, అప్పుడు దాని ఆకర్షణ వెలుగును కూడా బయటికి పోనివ్వదు, అప్పటికిగానీ దానికి శాంతి దొరకదు. ఇంత వెర్రి పని నక్షత్రం చేయకుండా ప్రకృతిలో ఏదో నియమం ఉండి తీరాలి అన్నారు.

మళ్లీ నవ్వులు.

1935లో, నిండు సభలో, పేరు పెట్టకుండా ఒక మనిషి కృష్ణబిలాన్ని వర్ణించాడు. అంత స్పష్టంగా చూశాడు. చూసి, అది ఉండటానికి వీల్లేదన్నాడు. చంద్ర ఇంకా అడుగుపెట్టని చోటికి ఎడింగ్టన్ అతని లెక్క పట్టుకునే వెళ్లారు. అక్కడ కనబడింది నచ్చక, లెక్కనే తోసేశారు. ఖగోళశాస్త్రంలో ఇంతకంటే బాధ పెట్టే పావుగంట ఇంకొకటి లేదు.

చంద్ర జవాబు చెప్పాలి. ఈ వాదనను జాగ్రత్తగా బేరీజు వేశాకే చర్చించాలి అన్నారు స్ట్రాటన్. తర్వాతి పేరు పిలిచారు. అయిపోయింది. మీటింగు ముగిశాక ఒకరి తర్వాత ఒకరు వచ్చి భుజం తట్టారు. పాపం చంద్రా, అలా జరిగిందేమిటి అన్నారు. ఎడింగ్టన్ పొరబడ్డారని ఒక్కరూ అనలేదు. కేంబ్రిడ్జి చేరేసరికి అర్ధరాత్రి దాటింది. ట్రినిటీలో ఫెలోలు కూర్చునే గదిలో ఎవరూ లేరు. నిప్పుగూట్లో మంట ఇంకా ఆరలేదు. దాని ముందు నిలబడి, ప్రపంచం ఎలా అంతమవుతుందో చెప్పే ఒక ఆంగ్ల కవితా పాదాన్ని తనలో తాను గొణుక్కున్నాడు.

పొద్దున్నే కలం తీశాడు.

ఉత్తరాలు కోపెన్‌హాగన్‌కు వెళ్లాయి. అక్కడ నీల్స్ బోర్ దగ్గర పనిచేస్తున్న రోజెన్‌ఫెల్డ్ స్నేహితుడు. ఎడింగ్టన్ మాటల్లో బోర్‌కూ నాకూ అర్థమే కనబడలేదని తిరుగు టపాలో రాశాడు. ఫిజిక్సు దిగ్గజం పౌలీ కూడా చంద్ర వైపే. అందరిదీ ఒకటే మాట, నువ్వే రైటు. మరి ఆ ముక్క నలుగురిలో చెప్పండి అంటే మాత్రం నోళ్లు మూతపడ్డాయి. ఖగోళశాస్త్రం మాది కాదు కదా అని ఫిజిక్సు వాళ్లు. ఎడింగ్టన్‌తో మనకెందుకని ఖగోళం వాళ్లు. ఆ వేసవిలో పారిస్‌లో అంతర్జాతీయ ఖగోళ సంఘం సమావేశం. ఎడింగ్టన్ గంటసేపు చంద్ర లెక్కను తూర్పారబట్టారు. కుర్చీలో ఉన్నది అమెరికన్ పెద్దాయన రస్సెల్. నాకూ మాట్లాడే వీలివ్వండని చంద్ర చీటీ పంపాడు. వద్దులే అన్నారు రస్సెల్.

ఇంగ్లండులో ఇక గాలి ఆడలేదు. 1936 సెప్టెంబరులో మద్రాసు వచ్చి, ప్రెసిడెన్సీలో తనతోపాటే ఫిజిక్సు చదివిన లలితను పెళ్లాడాడు. ఆ తర్వాత ఇద్దరూ అమెరికా చేరారు. విస్కాన్సిన్ రాష్ట్రం, విలియమ్స్ బే అనే చిన్న ఊరు, యెర్కీస్ అబ్జర్వేటరీ. చుట్టూ మంచు, దగ్గర్లో సరస్సు. కొత్త ఉద్యోగం, కొత్త కాపురం. పాత గాయం మాత్రం సూట్‌కేసులోనే వచ్చింది.

1939 వేసవిలో మళ్లీ పారిస్. విషయం మళ్లీ శ్వేతకుబ్జాలు. పొద్దున సభలో మళ్లీ ఎడింగ్టన్‌తో రగడ. మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆయనే చంద్ర పక్కకు వచ్చారు.

“పొద్దున నిన్ను నొప్పించి ఉంటే క్షమించు.”

“మీ అభిప్రాయం మారిందా?”

“లేదు.”

“మరి దేనికి క్షమాపణ?”

చంద్ర ముఖం తిప్పేసుకున్నాడు. ఎడింగ్టన్ ఒక్క క్షణం చూసి వెళ్లిపోయారు. సెప్టెంబరులో యుద్ధం మొదలైంది. 1944 నవంబరులో ఎడింగ్టన్ పోయారు. ఆ మధ్యాహ్నం అంత కటువుగా మాట్లాడకుండా ఉండాల్సిందని చంద్ర తర్వాత చాలాకాలం బాధపడ్డాడు.

ఆ 1939లోనే అతను ఒక పని చేశాడు. నక్షత్రాల నిర్మాణం గురించి తనకు తెలిసిందంతా, 1.4 హద్దుతో సహా, ఒక పుస్తకంలో పెట్టాడు. అచ్చు వేయించాడు. ఆ విషయం అక్కడితో వదిలేశాడు. కేకలు లేవు. కరపత్రాలు లేవు. రైటో తప్పో పుస్తకంలో ఉంది, చదువుకోండి.

ఇలా వదిలేసినవాడు ఆగిపోవాలి. చంద్ర ఆగలేదు.

నక్షత్రాల గుంపులు ఒకదాన్నొకటి లాగుతూ ఎలా కదులుతాయో తేల్చి 1942లో ఒక పుస్తకం, వెలుగు నక్షత్రాల వాతావరణంలోంచి, మన ఆకాశంలోంచి చెదిరి ఎలా వస్తుందో తేల్చి 1950లో ఇంకొకటి, వేడెక్కిన ద్రవాలు ఎప్పుడు నిలకడ తప్పుతాయో, అయస్కాంత క్షేత్రం వాటిని ఎలా పట్టి ఉంచుతుందో తేల్చి 1961లో మరొకటి, గిర్రున తిరిగే ద్రవగోళాలు ఏ ఆకారం తీసుకుంటాయన్న శతాబ్దాల నాటి చిక్కుముడి విప్పి 1969లో వేరొకటి, ఇలా ఒక్కో రంగంలో పదేళ్లు అటూ ఇటూ మకాం వేసి, తెలిసిందంతా బరువైన గ్రంథంగా కట్టి, తలుపు దగ్గరగా వేసి, ఏమీ తెలియని విద్యార్థిలా మరో గుమ్మం ముందు నిలబడ్డారాయన. ఒక రంగంలో పేరొచ్చాక దాన్ని పట్టుకుని కూర్చోవడం ఎవరికైనా సుఖం. ఆయన ఆ సుఖాన్ని ప్రతి పదేళ్లకూ చేజేతులా వదులుకున్నారు. నల్ల సూటు, తెల్ల చొక్కా. రాత్రీ పగలూ బల్ల దగ్గరే. 1952 నుంచి 1971 దాకా ఆస్ట్రోఫిజికల్ జర్నల్ సంపాదకత్వం కూడా ఆయన నెత్తి మీదే. యెర్కీస్ నుంచి షికాగోకు వంద కిలోమీటర్లకు పైగా కారు నడుపుకుంటూ వెళ్లి పాఠం చెప్పిన ఒక క్లాసులో ఉన్నది ఇద్దరే విద్యార్థులు. లీ, యాంగ్. 1957లో ఆ ఇద్దరికీ కలిపి నోబెల్ వచ్చింది. క్లాసు క్లాసంతా నోబెల్. గురువుకు మాత్రం ఇంకా రాలేదు.

ఈలోగా ఆకాశమే సాక్ష్యం చెప్పడం మొదలుపెట్టింది. 1967లో కేంబ్రిడ్జి రేడియో టెలిస్కోపులో టిక్కు టిక్కుమంటూ పల్సార్లు దొరికాయి. శ్వేతకుబ్జం కంటే ఎంతో చిన్నగా నలిగిపోయిన నక్షత్రాలవి. 1970లు వచ్చేసరికి హంస రాశిలోని సిగ్నస్ ఎక్స్-1 మీద ఎక్స్-రే టెలిస్కోపుల చూపు పడింది. అక్కడ ఒక నక్షత్రం కంటికి కనబడనిదేదో చుట్టూ తిరుగుతోంది. ఎడింగ్టన్ వెర్రి అని కొట్టేసిన పని నక్షత్రాలు నిజంగానే చేస్తున్నాయి.

అప్పుడు చంద్ర ఆ తలుపు మళ్లీ తెరిచారు. అరవై దాటాక. సాపేక్షతను ముందే మొదటి నుంచి నేర్చుకుని ఉన్నారు, ఇప్పుడు తిరిగే కృష్ణబిలాల గణితంలోకి దిగారు. పేజీల కొద్దీ సమీకరణాలు. ఈ మధ్యలో గుండె మొరాయించింది. 1977లో ఆపరేషన్ జరిగింది. లేచి కూర్చోగానే మళ్లీ అవే కాగితాలు. 1983లో ‘కృష్ణబిలాల గణిత సిద్ధాంతం’ అచ్చయింది. అదే ఏడాది అక్టోబరు 19న స్టాక్‌హోమ్ నుంచి కబురు వచ్చింది, నోబెల్ అని. ఆ రోజు ఆయన 73వ పుట్టినరోజు. ఓడ మీది లెక్కకు అప్పటికి 53 ఏళ్లు.

అంతకు ముందు ఏడాది ఇంకొక పిలుపు వచ్చింది, ట్రినిటీ నుంచి. ఎడింగ్టన్ శతజయంతి ఉపన్యాసాలు ఇవ్వాలి. ఇంకెవరైనా అయితే ఏదో సాకు చెప్పి తప్పించుకునేవాళ్లు. చంద్ర వెళ్లారు. ఎడింగ్టన్ తన కాలంలో అందరికంటే ఘనమైన ఖగోళ భౌతిక శాస్త్రవేత్త అన్నారు. ఆ మాటే తర్వాత ఆ ఉపన్యాసాల పుస్తకానికి పేరయింది. 1935 గురించీ దాచలేదు. ఆ గొడవ కృష్ణబిలాల కథను వెనక్కి నెట్టిందని చెప్పారు. తన గురించి మాత్రం ఇంకోలా ఆలోచించారు. ఆ రోజు ఎడింగ్టన్ సరేనని ఉంటే తాను 24 ఏళ్లకే గొప్పవాడైపోయేవాడు. ఆ వయసులో అంత పేరు వచ్చిపడితే ఏమయ్యేవాడినో అని ఆయనకే అనుమానం.

ఎనభై దాటాయి. ఇక విశ్రాంతి అనుకున్నారు అందరూ. ఆయన బల్ల మీదికి కొత్త పుస్తకం వచ్చింది. న్యూటన్ ‘ప్రిన్సిపియా’. మూడు శతాబ్దాల కిందటిది. అందరూ పేరు చెప్పుకునేది, చదివేవాళ్లు అరుదు. చంద్ర దాన్ని చదివిన తీరు వేరు. న్యూటన్ ఏం నిరూపించదలిచాడో అంతవరకే చూసేవారు. నిరూపణ చూసేవారు కాదు. తెల్ల కాగితం తీసి, ఈ కాలపు గణితంతో తన నిరూపణ తాను రాసుకునేవారు. అది పూర్తయ్యాకే న్యూటన్ ఏం చేశాడో చదివేవారు. రెండూ పక్కపక్కన పెట్టుకుని పోల్చేవారు. మళ్లీ మళ్లీ న్యూటన్ దారే పొందికగా కనబడేది. మాస్టారి చేత చీవాట్లు తిన్న బడిపిల్లాడిలా ఉందని ఒప్పుకునేవారు. తర్వాతి ప్రతిపాదన దగ్గర మళ్లీ తెల్ల కాగితం తీసేవారు.

ఆ పుస్తకం 1995లో వచ్చింది. ఆ ఆగస్టు 21న షికాగోలో చంద్ర కన్నుమూశారు.